షేక్‌స్పియర్ గారి గేలపు కర్ర

షేక్‌స్పియర్ అనగానే చదువుకున్న వాళ్లకు హామ్లెట్టో ఒథెల్లోనో జ్ఞాపకం వస్తాడు. చేపలు పట్టే సరదా ఉన్న అమెరికా వాళ్లకు మాత్రం గేలపు కర్ర జ్ఞాపకం వస్తుంది. ఇది పరాచికం కాదు. మిచిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊళ్లో, 1897లో, విలియం షేక్‌స్పియర్ జూనియర్ అనే ఆయన గేలపు దారం చుట్టుకునే రీళ్లు చేసే కంపెనీ పెట్టాడు. తరవాత కర్రలూ చేశారు. అంచేత అక్కడి అటకల మీద షేక్‌స్పియర్ అని రాసివున్న వస్తువు కనిపిస్తే అది నాటకమే కానక్కర్లేదు.

తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో తిక్కననూ పెద్దననూ పాఠం చెప్పుకునేవాడికి గేలపు కర్రతో ఏం పనీ అని మీరడగవచ్చు. పైగా మా ఇంట చేప వండరు, తినరు. అయినా కిందటి వేసవి సెలవుల్లో ముప్పాతిక వంతు నేనొక గేలపు కర్ర పుట్టిన సంవత్సరం కనుక్కోవడంలోనే గడిపాను. ఆ పని నాకు అప్పగించింది మా పెద్దమ్మ. ఎందుకు అప్పగించిందో ముందు చెప్పాలి.

మా పెదనాన్న 1966 ఆగస్టులో ఇంజనీరింగు పైచదువుకని మిచిగన్ వెళ్లాడు. ఆ ఏడు జూన్‌లోనే మన రూపాయి విలువ తగ్గించారు. అంతదాకా 4 రూపాయల 76 పైసలున్న డాలరు 7 రూపాయల 50 పైసలయి కూర్చుంది. చేసిన అప్పు చాలలేదు. పెద్దమ్మ తన పుట్టింటివారు పెట్టిన నాలుగు జతల బంగారు గాజులూ తీసి ఇచ్చింది. రెండేళ్లకు ఆయన తిరిగివచ్చాడు. పెట్టెలో పుస్తకాలు, ఒక ఉన్ని కోటు, పిల్లలకు రెండు బొమ్మలు. చేతిలో మాత్రం నాలుగడుగుల పైచిలుకు గొట్టమొకటి. అందులో రెండు ముక్కలుగా ఒక తెల్లని గేలపు కర్ర, దానికో రీలు!

“నేనున్న ఇంటాయన ఇచ్చాడు. పెద్దవాడు. ఆదివారాలు నన్ను కూడా ఏటికి తీసుకుపోయేవాడు. వచ్చేస్తూంటే ఉంచుకోమన్నాడు” అన్నాడట పెదనాన్న.

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మా బంధువుల్లో ఒకాయన, సీమసరుకు దేనికైనా చూడగానే ధర కట్టగల దిట్ట, కర్రను అటూ ఇటూ తిప్పి, “సరికొత్తది. రెండు జతల గాజులు దీనికే పోయుంటాయి” అని తేల్చేశాడు. పెద్దమ్మ ఆ పూట ఏమీ అనలేదు. ఆనాడే నాలుగు మాటలు అనేసి ఉంటే ఆ ఏటితో పోయేదేమో. అనకపోబట్టి నలభై యేళ్లు నిలిచింది. పెదనాన్న ఏ వస్తువు కొనబోయినా, “కొనండి, గేలపు కర్ర కొన్న చెయ్యేగా” అనేది. ఆయన మొదట్లో రెండు మూడుసార్లు సమాధానం చెప్పి, తరవాత నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నాడు. ఊరి కాలువ మీద నాలుగైదుసార్లు ఆ కర్ర విసిరి చూశాడు కూడా. పక్కనే వెదురు కర్రా వానపామూ పెట్టుకు కూర్చున్న కుర్రాళ్లకు జెల్లలు పడుతూనే ఉండేవి. ఈయనకు ఏదైనా పడితే దాన్ని తిరిగి కాలువలోనే వదిలేవాడు. చివరికి కర్ర అటకెక్కింది. 2011లో పెదనాన్న పోయాడు.

కిందటేడు ఇంటి పైకప్పు బాగుచేయిస్తూ అటక దించితే ఆ గొట్టం బయటపడింది. ఎనభై దాటిన పెద్దమ్మ నన్ను పిలిపించింది.

“రాళ్లమీద రాతలు చూసి ఏ రాజు కాలంవో చెబుతావుటగా! దీన్ని కూడా చూసి చెప్పు. ఆయన తెచ్చేనాటికి ఇది కొత్తదా, పాతదా?”

“ఇప్పుడెందుకు పెద్దమ్మా?”

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గొట్టం చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

కవి కాలనిర్ణయానికి మేము పట్టే దారి ఒకటుంది. కావ్యంలో దొరికే ఆధారం అంతస్సాక్ష్యం, బయట దొరికేది బహిస్సాక్ష్యం. రెండూ కలిసినచోట కాలు మోపాలి. కర్రకైనా ఇదే దారి. మిచిగన్‌లోనే ఉద్యోగం చేస్తున్న పెదనాన్న మనవడు, పాత గేలపు కర్రలు సేకరించే పెద్దమనుషులను అడిగి, పాత కేటలాగుల ఫొటోలు తీసి, నా ఫోనుకు పంపుతూ వచ్చాడు. బహిస్సాక్ష్యం వాడి వంతు, అంతస్సాక్ష్యం నా వంతు.

ముందుగా ఈ కర్రల చరిత్ర కాస్త తెలియాలి. పూర్వం అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మేలిరకం కర్రలు చాలావరకు వెదురువే. వెదురును సన్నని పేళ్లుగా చీల్చి, ఆరేసి పేళ్లు అతికి, ఆరు పలకల కర్రగా చేసేవారు. అమెరికావాళ్లు మొదట్లో వాడిన వెదురు మన దేశానిదే. కలకత్తా రేవు నుంచి వెళ్లేది గనక దానికి కలకత్తా వెదురనే పేరు. తరవాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురు దాన్ని వెనక్కి నెట్టింది. ఇక మన చెరువుల్లో దొరల గేలాల సంగతంటారా, మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెన్రీ సల్లివాన్ థామస్ ఈ దేశంలో గేలపు వేట మీద 1873లో ఒక గ్రంథమూ, చెరువుల్లో వేట మీద 1887లో మరొకటీ ప్రకటించాడు. మన చెరువుగట్లు ఆ విద్యకు అంత పాతవి.

ఫైబర్ గ్లాసంటే గాజును కరిగించి తీసిన సన్నని నార. 1930ల్లో ఒహాయో రాష్ట్రంలో ఆ పని ఒక దారికి వచ్చింది. 1938లో ఓవెన్స్ కోర్నింగ్ కంపెనీ ఏర్పడింది. అక్కడి టొలీడో నగరంలోనే ప్లాస్కన్ అనే జిగురు పదార్థాల కంపెనీలో ఆర్థర్ హోవాల్డ్ అనే శాస్త్రజ్ఞుడుండేవాడు. 1944 ప్రాంతంలో ఆయన వెదురు గేలపు కర్ర కొస విరిగిందనీ, యుద్ధకాలంలో మారు దొరక్క గాజునారతో తానే ఒక కొస చేసుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆ పద్ధతి మీద షేక్‌స్పియర్ కంపెనీవారు 1947లో ‘వండరాడ్’ అనే తెల్లకర్రను అమ్మకానికి పెట్టారు. 1950 డిసెంబరులో అమెరికా చైనాతో వర్తకం నిలిపివేసేసరికి టాంకిన్ వెదురు రాక ఆగింది. గాజు కర్రకు ఎదురు లేకపోయింది. 1973లో ఫెన్విక్ కంపెనీవారు ఇంకా తేలికయిన గ్రాఫైట్ కర్రలు తెచ్చేదాకా దానిదే రాజ్యం. అంటే ఏ గాజు కర్ర దొరికినా, పాతిక ముప్ఫై యేళ్ల ఆ రాజ్యంలో ఎక్కడో పుట్టి ఉండడానికే అవకాశం ఎక్కువ.

కర్ర గాజుదా కాదా అన్నది మొదటి ప్రశ్న. పలకలూ కణుపులూ కనిపిస్తే వెదురు. అయస్కాంతం అంటుకుంటే ఉక్కు. గాజుకు ముందు ఉక్కు గొట్టపు కర్రలూ ఉండేవి. సన్నగా, నల్లగా, ఈకలాగా తేలిగ్గా ఉంటే చాలా వరకు గ్రాఫైట్. గుండ్రంగా, కాస్త లావుగా, వంచితే మెల్లగా పిడిదాకా వంగితే గాజు. రంగు వెయ్యని గాజు కర్ర మూతి దగ్గర టార్చిలైటు పెడితే లోపల వెలుగు పాకుతుంది కూడాను. మా కర్ర తెలుపు మీద సన్నగా మెలికలు తిరిగిన చారలు ఉన్నాయి. హోవాల్డ్ పద్ధతిలో లోపలి నారను మెలికగా చుట్టి, దాని మీద నిలువు నార పరుస్తారు. ఆ మెలికే పైకి కనిపిస్తుంది. కులగోత్రాలు తెలిశాయి.

రెండవది కొలత. పిడి పైన అచ్చువేసిన పొడుగు 8½ అడుగులు. రెండు ముక్కలూ అతికించి కొలిస్తే సరిగ్గా అంతే వచ్చింది. తక్కువ వస్తే కొస విరిగిందన్నమాట. రెండు ముక్కలూ సమానంగా లేకపోయినా అనుమానించవలసిందే.

ఇహ సంవత్సరం. అచ్చులో ఊరి పేరు కలమజూ అని ఉంది. కంపెనీ ప్రధాన కార్యాలయం 1970 ప్రాంతంలో దక్షిణ కరోలినాలోని కొలంబియాకు మారింది. అంటే అంతకు ముందుదన్న మాట. పేటెంటు నంబరు ఉంది. అమెరికా పేటెంట్ల నంబర్లు వరసగా పెరుగుతూ పోతాయి. 1961 సెప్టెంబరులో అవి 30 లక్షలకు చేరాయి. మా కర్ర మీదిది పాతిక లక్షల పైచిలుకు. లెక్కకు 1951 వచ్చింది. అయితే పేటెంటు నంబరు ‘ఇంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. ఒకే నంబరును ఏళ్ల తరబడి అచ్చువేస్తూ ఉండవచ్చు. కావ్యంలో నన్నయ పేరు కనిపిస్తే ఆ కవి నన్నయ తరవాతివాడని తెలుస్తుందే గాని ఎన్నాళ్ల తరవాతో తెలియదు గదా!

అన్నిటికంటె మంచి ఆధారం పిడి పైనున్న మూడక్షరాలు: హెచ్.డి.హెచ్. ఈ కర్రకు ఏపాటి లావు దారం వెయ్యాలో చెప్పే గుర్తు అది. పూర్వం దారాల లావును అక్షరాలతో చెప్పేవారు. 1960 ప్రాంతంలో అక్షరాలు పోయి, బరువును బట్టి అంకెలు వచ్చాయి. అంచేత అక్షరాలు మాత్రమే ఉన్న కర్ర ఆ మార్పుకు ముందుదో, మార్పు జరుగుతున్న రోజులదో అయివుండాలి. ఇలాంటిదే ఇంకో ఉపాయం: కర్రతో వచ్చిన కాగితాల మీద కంపెనీ చిరునామా చూడండి. అమెరికాలో జిప్ కోడ్ పెట్టింది 1963లో. చిరునామాలో అయిదంకెల జిప్ ఉంటే ఆ కాగితం అంతకు ముందుది కాజాలదు.

చివరికి రీలు. దాని మీద మోడల్ అన్న మాట పక్కన ఎఫ్, బి అని రెండక్షరాలు. మనవడు పంపిన తాళంచెవి చూసి నేను కుర్చీలోంచి లేచాను. మన కటపయాది లాంటిదే! ఎ అంటే సున్న. బి అంటే 9, సి 8, డి 7, ఇ 6, ఎఫ్ 5, జి 4, హెచ్ 3. ఐ అక్షరం వదిలిపెట్టి, జె 2, కె 1. సంవత్సరంలో చివరి రెండంకెలూ ఇలా రాస్తారు. ఎఫ్ 5, బి 9. అంటే 1959! మన పండితులు శకసంవత్సరాన్ని పద్యంలో దాచినట్టే కలమజూ షేక్‌స్పియర్ గారు ఇంగ్లీషు అక్షరాల్లో దాచారన్న మాట.

రీలు పుట్టిన ఏడే కర్ర పుట్టాలని లేదు. తాళపత్ర గ్రంథానికి చెక్కలు వేరే కాలంలో చేయించి ఉండవచ్చు. కాని ఇక్కడ కర్ర చెప్పే సాక్ష్యమూ రీలు చెప్పే సాక్ష్యమూ ఒకచోటికే చేరుతున్నాయి. మా పెదనాన్న మిచిగన్‌లో కాలు పెట్టడానికి ఏడేళ్ల ముందటి సరుకు.

ఏడేళ్లు దుకాణంలో పడివున్న సరుకు కొన్నాడేమో అని ఎదుటిపక్షం వకీలు అడగవచ్చు. అందుకూ వెతికాను. కొసనున్న ఉంగరంలో దారం రాసి రాసి సన్నని గాడి పడివుంది. నాలుగైదుసార్ల కాలువ వేటకు అలాంటి గాడి పడదు. ఒక ఉంగరం దగ్గర చుట్టు దారం రంగు వేరు. ఎవరో ఓపికగల మనిషి ఊడినదాన్ని తిరిగి చుట్టి వార్నీషు పూశాడు. ఆ వార్నీషు కిందనే, పిడికి జానెడు పైన, సిరాతో సన్నగా రెండు పొడి అక్షరాలున్నాయి. అవి మా పెదనాన్న పేరువి కావు, మా ఇంటి పేరువీ కావు.

పెద్దమ్మకు అన్నీ వరసగా చెప్పాను. భూతద్దం పెట్టి ఆ రెండక్షరాలూ చూపించాను.

“కొత్తది కాదు పెద్దమ్మా. ఎవరో ఏళ్లతరబడి వాడుకున్న కర్ర. అయితే ఆయన ఊరికే ఇచ్చాడో, డబ్బుకిచ్చాడో అది మాత్రం కర్ర చెప్పదు.”

పెద్దమ్మ భూతద్దం పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోకి చూస్తూ కూర్చుంది.

“ఇంతదాకా చెప్పింది, చాల్లే. తక్కినది ఆయన చెప్పారుగా” అంది. మళ్లీ కాసేపటికి, “ఆ పెద్దాయన పేరేమిటో కూడా నేనడగలేదురా” అంది.

ఆ రెండు పొడి అక్షరాలను ఇంకొకసారి వేలితో తడిమి, “ఇంత దుమ్ముందేం, శుభ్రం చెయ్యి” అని నాకు పని చెప్పింది. అదెలా చేశానో చెబుతాను. మీ ఇళ్లలో ఎవరిదైనా విదేశాల చదువుతో బాటు ఇలాంటి కర్ర ఏదైనా వచ్చి ఉంటే పనికివస్తుంది.

మొదట చెయ్యకూడనివి. థిన్నరు, గోళ్లరంగు తుడిచే మందు, ఉప్పుకాగితం దగ్గరికి రానీయకండి. అచ్చువేసిన అక్షరాల మీద స్పిరిటుతో రుద్దితే రెండు క్షణాల్లో కర్ర పేరూ ఊరూ చెరిగిపోతాయి. ఇహ దాని పుట్టుక ఎవరూ చెప్పలేరు. తెలుపు పసుపుపచ్చనయిందని రంగు వెయ్యకండి. ఆ పసుపు వయసే గాని రోగం కాదు.

చెయ్యవలసినవి కొద్ది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు మెత్తని సబ్బు కలిపి, గుడ్డ ముంచి పిండి, పైనుంచి కిందికి తుడవాలి. నీడన ఆరనివ్వాలి. కార్కు పిడిని అదే సబ్బుతో మెత్తని బ్రష్షు పెట్టి కడిగితే చాలు. చెక్కితే చేతిగుర్తులు పోతాయి. చివర కార్లకు వాడే మైనం పలచగా పూసి, అచ్చక్షరాలను వదిలి, పొడిగుడ్డతో మెరుగు పెట్టవచ్చు. వేలికి గరుకుగా గాజునార ముల్లు తగిలితే అక్కడ రుద్దకండి. ఆ ముల్లు చర్మంలో దిగితే తీయడం కష్టం.

ముక్కలు కలిసే చోట లోహపు మూతులుంటాయి, ఫెర్రూల్ అంటారు. వాటిలో మురికి చేరితే పుల్లకు దూది చుట్టి, దూదికి మాత్రమే స్పిరిటు తడి చేసి తుడవాలి. నూనె పనికిరాదు, దుమ్ము పట్టి బిగుస్తుంది. బిగిసిన ముక్కలను మెలితిప్పకూడదు. రెండు చేతులతో కర్రను మోకాళ్ల వెనక పట్టుకుని, మోకాళ్లను మెల్లగా విడదీస్తే తిన్నగా ఊడివస్తుంది. నేను ఈ ఆసనం వేస్తూండగా మా ఇంట్లోవాళ్లు చూసి నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. కాని ముక్కలు మాత్రం ఊడాయి.

ఉంగరాల్లోంచి కొంచెం దూది లాగి చూడండి. పోగు చిక్కుకుంటే అక్కడ గాడి ఉన్నట్టు. వాడదలిస్తే ఆ ఉంగరం మార్చాలి, దాచుకునేటందుకయితే అలాగే ఉండనివ్వాలి. చుట్టు దారం వదులయితే మొత్తం విప్పకండి. పలచగా వార్నీషు పూస్తే నిలుస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది దాచడం. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తడి గుడ్డలో చుట్టి గొట్టంలో మూతబెడితే బూజు పడుతుంది, లోహానికి చిలుము పడుతుంది. గోడకు వాలుగా ఏళ్లతరబడి పెడితే వంపు తిరుగుతుంది. పొడిబట్ట సంచిలో పెట్టి నిలువుగా వేలాడదీయాలి. మా కర్ర పాత సంచి పురుగుపట్టి పొడిపొడి అయింది. పెద్దమ్మ పెదనాన్న పంచె ఒకటి చింపి, రెండు అరలు పెట్టి, తానే కొత్త సంచి కుట్టింది. కళ్లు కనపడవుగా, నేను కుట్టిస్తానంటే వినలేదు.

ఇలాంటి కర్రలకు ఈనాడు ధర ఎంత పలుకుతుందని కొందరు అడిగారు. అమ్మదలిచినవాళ్లు విచారించుకోవచ్చు. నేను విచారించలేదు. వస్తువు వయసు కనుక్కోవడానికి భూతద్దమూ, టేపూ, ఓపికా ఉంటే చాలు. యాభై యేళ్ల తరవాతయినా అది తన వయసు తాను చెబుతుంది. ఎవరిచ్చారు, ఏ ఆదివారం ఏ ఏటిగట్టున ఇచ్చారు అన్నది మాత్రం దాన్ని తెచ్చిన మనిషి ఉండగా అడిగి తెలుసుకోవలసిందే. మీ అటక మీద ఏముందో నాకు తెలియదు. దాన్ని ఎక్కించినవారు ఇంకా ఇంట్లోనే ఉంటే, ఈ పూట కాఫీ దగ్గర ఒక్క మాట అడిగి చూడండి.